మానేశాడు సరే, మరి ఎందుకిలా అయిపోయాడు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర ఒక పల్లె. మా తమ్ముడికి 25 ఏళ్ళు. బెంగళూరులో కాల్‌సెంటర్‌లో నైట్ షిఫ్టు చేసేవాడు. నిద్ర రాకుండా ఉంటుందని రూమ్మేట్ ఒకడు ‘ఐస్’ అనే మత్తుమందు అలవాటు చేశాడట. ఏడాదిన్నర వాడాడు. ఉద్యోగం పోయింది, అప్పులు మిగిలాయి. సంక్రాంతి ముందు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇంటికొచ్చేశాడు, నాకు మాత్రం అంతా చెప్పాడు. అప్పటినుంచి ముట్టలేదు, అది నేను నమ్ముతున్నాను. మొదటి వారమంతా తినడం, పడుకోవడమే. ఇప్పుడు మూడు నెలలు కావస్తోంది. నవ్వడు, మాట్లాడడు. ఇష్టంగా తినే చేపల పులుసు పెట్టినా రెండు ముద్దలు తిని లేచిపోతాడు. క్రికెట్ అంటే ప్రాణం, ఇప్పుడు ఐపీఎల్ వస్తున్నా తల తిప్పడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. ‘నా గుంటడికి ఎవులో చిల్లంగి పెట్టీసినారు’ అని అమ్మ ఏడుస్తోంది. నాన్న బద్ధకం అంటారు. పెళ్ళి చేసేస్తే దారిలో పడతాడని మావయ్య పట్టు. ‘చివర్లో అది తీసుకున్నా ఏమీ బాగుండేది కాదక్కా, అయినా ఇప్పటికీ మనసు లాగుతోంది’ అన్నాడొకరోజు. ‘ఇలా బతికి ఏం లాభం’ అని కూడా అన్నాడు. వాడి మెదడు పాడైపోయిందా డాక్టర్ గారూ? మళ్ళీ మామూలు మనిషి అవుతాడా? ఇంకోటి, రోజుకి ఎనిమిదో తొమ్మిదో టీలు తాగుతున్నాడు, సిగరెట్లూ పెరిగాయి. అవి కూడా మాన్పించాలా?
– ఒక అక్క

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలకంటే ముందు, అడగకుండా చెప్పిన మాట దగ్గర ఆగుతాను. ‘ఇలా బతికి ఏం లాభం’ అన్నాడు. ఈ రకం మత్తు మానినవాళ్ళలో మొదటి నెలల్లో దిగులు చాలా లోతుగా ఉంటుంది, చావు ఆలోచనలు నిజంగానే వస్తాయి. ఇంట్లో, కళ్ళంలో, పశువుల శాలలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఈరోజే తీయించి వేరేవాళ్ళ ఇంట్లో పెట్టించండి. తర్వాత పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అలా ఏమీ జరగదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు శ్రీకాకుళం రిమ్స్‌కు తీసుకెళ్ళండి. (పేరు మారి సర్వజన ఆసుపత్రి అయినా ఆటోవాళ్ళకు ఇంకా రిమ్సే.) అర్ధరాత్రి అయితే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక గోడవైపు తిరిగి పడుకోవడం సంగతి.

1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త కుందేళ్ళకు రిసర్పిన్ అనే మందు ఇచ్చాడు. అది మన సర్పగంధ వేరులో ఉండే పదార్థం. నిద్ర పట్టనివారికీ, మతి చలించినవారికీ మన వైద్యులు ఎంతో కాలంగా వాడిన వేరు అది. మందు పనిచేయగానే కుందేళ్ళు చెవులు వాల్చేసి కూలబడ్డాయి. కాళ్ళకు దెబ్బ లేదు, కండరాలకు జబ్బు లేదు. కదలాలనే ఊపే పోయింది. తర్వాత ఎల్-డోపా అనే ఇంకో మందు ఎక్కించగానే లేచి తిరగడం మొదలుపెట్టాయి. ఎల్-డోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది. రిసర్పిన్ ఖాళీ చేసినవాటిలో డోపమైన్ కూడా ఉందనీ, అది మెదడులో సందేశాలు మోసే రసాయనమనీ ఆ పరిశోధనలతో తేలింది. ఈ కృషికే కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

మీ నాన్నగారికి ఈ కుందేళ్ళ కథ చెప్పండి. ఆయన్ని తప్పుపట్టడానికి కాదు. చేతులూ కాళ్ళూ బాగున్న కుర్రాడు పడుకునే ఉంటే మన ఊళ్ళలో దానికి ఉన్న మాట బద్ధకం ఒక్కటే. కానీ బద్ధకస్తుడికి సరదాల మీద ఆశ ఉంటుంది, పని మీదే ఉండదు. మీ తమ్ముడికి ఐపీఎల్ కూడా పట్టడం లేదు. తేడా అక్కడుంది.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, డోపమైన్ తయారుచేసేవి కొన్ని లక్షలు మాత్రమే. అవి కూడా మెదడు నడిమధ్య చిన్న చోట గుమిగూడి ఉంటాయి. అక్కడినుంచే పొడుగాటి తీగల్లా పైకి పాకి, ఏది కావాలో, దేనికోసం లేచి కదలాలో తేల్చే భాగాలన్నిటికీ డోపమైన్ అందిస్తాయి. దాన్ని ‘ఆనందపు రసాయనం’ అని యూట్యూబ్‌లో తెగ చెబుతున్నారు. ఆ మాట నాకు నచ్చదు, ఎందుకంటే మీ తమ్ముడిని అర్థం చేసుకోవడానికి అదే అడ్డు. దాని అసలు పని ఆనందం ఇవ్వడం కంటే, ‘ఇది ముఖ్యం, దీనికోసం లే’ అని మనిషిని పురిగొల్పడం.

మామూలుగా ఒక కణం కొంచెం డోపమైన్ వదులుతుంది, పక్క కణం దాన్ని అందుకుంటుంది, మిగిలింది వదిలిన కణమే వెనక్కి పీల్చుకుని దాచుకుంటుంది. కొకైన్ ఆ పీల్చుకునే దారిని మూసేస్తుంది. ఐస్, అంటే మెథాంఫెటమైన్ (మెథ్), అంతకంటే దారుణం. కణం లోపలికే దూరి, దాచుకున్న సంచుల్లోంచి డోపమైన్‌ను బయటికి తోడేసి, పీల్చుకోవాల్సిన దారినే ఎదురు తిప్పుతుంది. ఎలుకల మీద ప్రయోగాల్లో మంచి తిండి డోపమైన్‌ను మామూలు కంటే సుమారు ఒకటిన్నర రెట్లకు పెంచితే, ఇదే కుటుంబానికి చెందిన ఆంఫెటమైన్ దాదాపు పది రెట్లకు తీసుకెళ్ళింది. పైగా కొకైన్ గంట సేపట్లో సగానికి తగ్గిపోతే, మెథ్ సగానికి తగ్గడానికే పది పన్నెండు గంటలు పడుతుంది. నైట్ షిఫ్టు అంతా కళ్ళు మూతపడకపోవడానికి అదే కారణం. ఈ వాడకం కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులకు పెర్విటిన్ పేరుతో ఇదే బిళ్ళ ఇచ్చారు. జపాన్‌లో ఫిలోపాన్ పేరుతో సైనికులతో పాటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళూ మింగారు. యుద్ధం అయ్యాక ఆ దేశం ఈ వ్యసనంతో ఏళ్ళ తరబడి పోరాడాల్సి వచ్చింది. మనిషిని నిద్ర లేకుండా పనిచేయించాలని ఎవరికి అవసరమొచ్చినా ఈ మందు ఏదో పేరుతో అక్కడికి చేరుతోంది.

ఊరి సంబరంలో రాత్రంతా మైకుసెట్టు బాక్సుల పక్కనే కూర్చున్నవాడిని పొద్దున్నే పిలిచి చూడండి. మామూలు గొంతుతో పిలిస్తే వినపడదు. మెదడులో జరిగేదీ దాదాపు ఇంతే. ఏడాదిన్నర పాటు ఆ హోరు తట్టుకోవడానికి, డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలను మెదడు తగ్గించేసుకుంది. రోజువారీ డోపమైన్ విడుదల కూడా తగ్గింది. ఎక్కువ కాలం వాడితే మెథ్ ఆ కణాల కొసలను కూడా దెబ్బతీస్తుంది. ఇప్పుడు హోరు ఆగిపోయింది, కానీ చేపల పులుసు పిలుపు అతనికి వినపడటం లేదు. మీ అమ్మగారి చేతి వంటలో లోపం లేదు, ఆమె మీద ప్రేమ తగ్గిందనీ కాదు.

అతను మీతో అన్న రెండో మాట నాకు చాలా విలువైనదిగా కనిపించింది: తీసుకున్నా బాగుండేది కాదు, అయినా మనసు లాగుతోంది. వినేవాళ్ళకు ఇది అబద్ధంలా, సాకులా ఉంటుంది. కానీ 1993లో రాబిన్సన్, బెరిడ్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వ్యసనం గురించి చెప్పిన సిద్ధాంతం సరిగ్గా ఇదే. ఒకటి కావాలనిపించడం, అది బాగుందనిపించడం మెదడులో వేర్వేరు దారులు. డోపమైన్ చేతిలో ఉన్నది మొదటిదే. వాడగా వాడగా ‘బాగుంది’ అనిపించడం తగ్గిపోతుంది, ‘కావాలి’ మాత్రం పెరుగుతుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు ఎదుట తిండి ఉన్నా కదలక ఆకలితో మాడిపోతాయి. కానీ వాటి నాలుక మీద పంచదార నీళ్ళు వేస్తే మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా చప్పరిస్తాయి. రుచి తెలుస్తోంది, దాని దాకా వెళ్ళే ఊపే లేదు.

మీ ఇంట్లో దీన్ని ఇలా వాడుకోండి. ‘ఏం తింటావు, ఎక్కడికెళ్దాం, ఏం చేయాలనుంది’ అని అడగడం మానేయండి. ఏమీ వద్దంటాడు, అది నిజమే కూడా. కంచం తెచ్చి ముందు పెట్టి, మీరూ పక్కన కూర్చుని తినండి. ‘బయటికి వెళ్తావా’ అనకుండా ‘చెప్పులేసుకో, చెరువుగట్టు దాకా పోయొద్దాం’ అనండి. ఉత్సాహం వచ్చాక కదులుదామని చూస్తే నెలలు పోతాయి. ముందు కదలాలి, ఉత్సాహం ఆ తర్వాత మెల్లగా వస్తుంది. కాలిఫోర్నియాలో మెథ్ మానేసి చికిత్సలో ఉన్న కొద్దిమందితో వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున 8 వారాలు నడక, పరుగు, బరువులెత్తే వ్యాయామం చేయించి స్కానింగ్ తీశారు. వ్యాయామం చేసినవాళ్ళలో డోపమైన్ గ్రాహకాలు పెరిగాయి, వ్యాయామం బదులు ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్ళలో పెరగలేదు. 2016లో వచ్చిన చిన్న అధ్యయనం అది, మహా అయితే ఇరవై మంది. అయినా ఖర్చు లేనిది, హాని లేనిది. మందు చీటీ మీద రాసినట్టే దీన్ని తీసుకోమని చెబుతాను. జీడితోటలో పని ఉంటే అది కూడా వ్యాయామమే, కాకపోతే నాన్నగారి తిట్లు తోడు లేకుండా.

‘మెదడు పాడైపోయిందా’ అన్న ప్రశ్నకు నా దగ్గర ఒక్క ముక్క జవాబు లేదు. 2001లో నోరా వోల్కో అనే పరిశోధకురాలి బృందం మెథ్ మానినవాళ్ళను 12 నుంచి 17 నెలల తర్వాత మళ్ళీ స్కాన్ చేసింది. డోపమైన్‌ను వెనక్కి పీల్చుకునే ఆ దారులు మొదట బాగా తగ్గి కనిపించినవి, చాలా వరకు కోలుకున్నాయి. అయితే జ్ఞాపకశక్తి, చేతుల చురుకుదనం పరీక్షల్లో అంత మెరుగు కనపడలేదు. అదీ కొద్దిమంది మీదే. కాబట్టి ‘అంతా మునుపటిలా అయిపోతుంది’ అని నేను రాసివ్వలేను. కానీ మూడు నెలలకే ఆశ వదులుకోవడానికి ఏ ఆధారమూ లేదు. సమయాన్ని నెలల్లో లెక్కపెట్టుకోండి. ఏడాది దాటాక చూసి అప్పుడు మాట్లాడుకుందాం.

మూడు నెలలు గడిచాయి గనక గండం గట్టెక్కింది అనుకోవడం కూడా ప్రమాదమే. ఉల్ఫ్రమ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా పళ్ళరసం దొరికితే డోపమైన్ కణాలు ఎగిసిపడేవి. రసానికి ముందు దీపం వెలగడం అలవాటయ్యాక రసానికి స్పందించడం మానేసి, దీపం వెలగగానే ఎగిసిపడేవి. దీపం వెలిగీ రసం రాకపోతే, వాటి చలనం మామూలు కంటే కిందికి పడిపోయేది. మీ తమ్ముడికి ఆ దీపం ఏమిటో మీకు తెలియదు, అతనికే తెలుసు. ఆ రూమ్మేట్ నంబరు కావచ్చు, రాత్రి పదకొండు గంటలు కావచ్చు, ఒకటో తారీఖు కావచ్చు, వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ కావచ్చు. మంచి మాటల మీద ఉన్నప్పుడు ‘ఏం చూస్తే గుర్తొస్తుంది’ అని అడగండి, చెప్పినవి ఒక్కొక్కటీ తీసేయండి. సిమ్ మార్చడం, పాత వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికి రావడం అతని చేతే చేయించండి, మీరు ఫోన్ లాక్కుని చేయకండి. మానిన తర్వాత మొదటి వారాల్లో కంటే ఆ తర్వాతి నెలల్లో ఇలాంటి గుర్తులకు లాగుడు ఇంకా పెరుగుతుందని ఎలుకల మీద ప్రయోగాల్లో స్పష్టంగా తేలింది, మనుషుల్లోనూ అలాంటి సూచనలున్నాయి. అప్పులవాళ్ళ ఫోన్లు అతనికి కాకుండా మీకో నాన్నగారికో వచ్చేలా చూడగలిగితే ఇంకా మంచిది.

చికిత్స విషయానికొస్తే, నల్లమందు, హెరాయిన్ లాంటివాటికి ఉన్నట్టు దీనికి ఆమోదం పొందిన ప్రత్యేకమైన మందు లేదు. కుందేళ్ళను లేపిన ఎల్-డోపా ఇవ్వకూడదా అంటారేమో. కొకైన్ వ్యసనపరులకు ఇచ్చి చూశారు, ఆ మందు ఒక్కదానితో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. 2021లో అమెరికాలో మెథ్ వ్యసనపరులకు నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బ్యూప్రొపియాన్ బిళ్ళలు కలిపి ఇస్తే 13.6 శాతం మందిలో ఫలితం కనపడింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళలో అది 2.5 శాతం. ఆశ పెట్టుకోదగ్గ మెరుగే, కానీ ఎక్కువమందికి పనిచేయలేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. అందుకని రిమ్స్‌లో మానసిక వైద్య విభాగానికి వెళ్ళి ముందు దిగులుకు చికిత్స మొదలుపెట్టించండి, కౌన్సెలింగ్ అడగండి. ఎవరో వెంటాడుతున్నారని, కిటికీలోంచి చూస్తున్నారని ఇప్పటికీ అంటుంటే అది డాక్టరుకు మొట్టమొదట చెప్పాలి. మూడు నెలల తర్వాత కూడా ఆ అనుమానాలుంటే విడిగా చూడాల్సిన జబ్బు కావచ్చు. గుండె దడ, ఛాతీ నొప్పి ఉన్నా అక్కడే చెప్పి ఈసీజీ తీయించండి. ఇంకా పెద్ద చోటు కావాలంటే విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ప్రపంచంలో ఈ వ్యసనానికి ఇప్పటివరకు ఎక్కువగా పనిచేసిన పద్ధతి వినడానికి చాలా చిన్నదిగా ఉంటుంది. మూత్ర పరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ అక్కడికక్కడే చిన్న బహుమతి ఇస్తారు, అంతే. దెబ్బతిన్న డోపమైన్ వ్యవస్థకు దూరంగా ఉన్న పెద్ద బహుమతి కనపడదు, చేతికందే చిన్నది కనపడుతుంది. ‘ఏడాది బుద్ధిగా ఉంటే బైకు కొంటాం’ అనే మాట అందుకే పనిచేయదు. ఈ వారం నాలుగు రోజులు నడకకు వచ్చాడా, ఆదివారం నరసన్నపేటలో బిర్యానీ. ఆసుపత్రికి చెప్పిన తారీఖున వచ్చాడా, ఆ సాయంత్రమే రీఛార్జి. మూత్ర పరీక్ష మాత్రం ఇంట్లో మీరు చేయకండి. కొన్ని జలుబు మందులకు కూడా ఆ కిట్లు తప్పుడు ఫలితం చూపిస్తాయి, పైగా మీ ఇద్దరి మధ్య ఉన్న నమ్మకం మీకిప్పుడు ఏ కిట్టు కంటే ముఖ్యం.

పోలీసు భయం ఉంటే వదిలేయండి. మీ తమ్ముడి మీద కేసు లేదు, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చిన్న మొత్తంతో పట్టుబడి కేసు ఉన్నవాళ్ళకు కూడా, తమంతట తాము ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు వస్తే మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. దగ్గర్లో గుర్తింపున్న డీఅడిక్షన్ కేంద్రం ఏదో తెలియాలంటే 14446కు ఫోన్ చేయండి. ‘మాకప్పగించి వెళ్ళండి, ఆరు నెలలు చూడటానికి రావద్దు’ అనే చోటికి మాత్రం పంపకండి. గొలుసులతో కట్టేయడం అదే 2017 చట్టం ప్రకారం నేరం, అది ఆసుపత్రి అయినా, ఆశ్రమం అయినా, భూతవైద్యుడి ఇల్లయినా. మీ అమ్మగారు అరసవల్లి వెళ్ళి మొక్కుకుంటానంటే వెళ్ళనివ్వండి, వీలైతే తమ్ముడినీ తోడు పంపండి, ఆ వంకనైనా బయటికొస్తాడు. చిల్లంగి తీస్తానని వేపమండలతో కొట్టేవాడు మాత్రం గడప తొక్కకూడదు. చిల్లంగి అనుమానం ఎవరో ఒక పొరుగింటి ముసలమ్మ మీదికి పోయే ప్రమాదం కూడా మన జిల్లాలో ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. అది మొదట్లోనే ఆపాల్సింది మీరే.

పెళ్ళి వద్దు. కనీసం ఏడాది వద్దు, ఆ తర్వాతైనా అమ్మాయికి అంతా చెప్పకుండా వద్దు. ఇప్పుడు ఏదీ రుచించని మనిషికి ఒక కొత్త అమ్మాయిని కట్టబెడితే, అతని ముభావం చూసి ఆ పిల్ల తనలోనే లోపం ఉందనుకుంటుంది. మావయ్యగారికి నా మాటగా చెప్పండి. ఆయన నోట పెళ్ళి మాటతో పాటు ‘రెండు పెగ్గులేస్తే కుదుటపడతాడు’ అన్న మాట కూడా ఉంటే, అది ఇంకా గట్టిగా ఆపండి. మందు పడ్డాక పట్టు సడలుతుంది, పాత నంబరుకు ఫోన్ వెళ్ళేది అప్పుడే.

ఎప్పుడైనా ఒకసారి జారితే, మళ్ళీ వాడాడని తెలిస్తే, ఇంటిల్లిపాదీ కూలబడకండి. అదే వారంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఏ ‘దీపం’ వెలిగిందో కనుక్కోండి.

టీ గురించి: కెఫీన్ కూడా ఉత్తేజం ఇచ్చేదే, కానీ ఐస్‌లా డోపమైన్‌ను తోడేయదు. అతని టీ మీద నాకున్న అభ్యంతరం నిద్ర ఒక్కటే. నిద్ర సరిగా లేకపోతే డోపమైన్ గ్రాహకాలు ఇంకా తగ్గవచ్చు, దిగులూ పెరుగుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక టీ వద్దనండి, పొద్దున ఎన్ని తాగినా ఇప్పటికి పట్టించుకోకండి. సిగరెట్ల మీద ఇప్పుడు యుద్ధం మొదలుపెట్టకండి. అతనే మానతానంటే మాత్రం ‘ఒకేసారి రెండూ ఎందుకులే’ అని ఆపకండి. సిగరెట్ కూడా మానే ప్రయత్నం చేసినంత మాత్రాన ఈ మత్తు చికిత్స దెబ్బతినదని పరిశోధనల్లో తేలింది. రిమ్స్‌కు వెళ్ళినప్పుడు ఆ సంగతి కూడా అడిగితే నికోటిన్ చూయింగ్ గమ్ ఎలా వాడాలో చెబుతారు.